ఆనకట్టలు, అప్పులు, చట్టసభ పరిశీలన: సర్ ఆర్థర్ కాటన్ జీవితం నేర్పే పాఠం

గోదావరి డెల్టాకు జీవం పోసిన ఇంజనీరుగా సర్ ఆర్థర్ థామస్ కాటన్ తెలుగు ప్రజలకు చిరపరిచితులు. గోదావరి జిల్లాల గ్రామాలలో ఆయన విగ్రహాలు నేటికీ పూజలందుకుంటున్నాయి. అప్పు తెచ్చి చేపట్టే ప్రజా నిర్మాణాలపై చట్టసభ తనిఖీ ఎంత అవసరమో కూడా ఆయన జీవితం తెలియజేస్తుంది. ఆయన ఆలోచనతో తెలుగునేలపై వెలసిన రెండు నిర్మాణాలలో ఒకటి ఖజానాకు ఆదాయం కాగా, రెండవది చిరకాలం భారంగా మిగిలింది.

1803 మే 15న ఇంగ్లండ్‌లో జన్మించిన కాటన్, మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి 1821లో భారతదేశానికి వచ్చారు. 1836లో కొల్లడం నదిపై ఆనకట్టలు నిర్మించి తంజావూరు సాగును స్థిరపరచారు. అనంతరం ఆయన దృష్టి గోదావరి వైపు మళ్లింది. 1833 నాటి డొక్కల కరువు, 1839 నాటి కోరంగి ఉప్పెన ఈ ప్రాంతాన్ని కుంగదీశాయి. రాజమండ్రి జిల్లా దుస్థితిని విచారించిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో మద్రాసు ప్రభుత్వానికి నివేదిక సమర్పించారు.

కాటన్ రూపొందించిన ఆనకట్ట పథకం 1846లో ఆమోదం పొందింది. 1847లో పనులు ప్రారంభమై, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. వీణం వీరన్న ఈ పనులలో ఆయనకు అండగా నిలిచారు. వ్యయం తొలి అంచనాను మించినందున కాటన్ పై అధికారులకు పలుమార్లు సంజాయిషీ ఇవ్వవలసి వచ్చింది. అయితే ప్రభుత్వ ధనంతో, ప్రభుత్వ ఇంజనీర్ల చేతుల మీదుగా సాగిన ఆ పని పెరిగిన శిస్తు రూపంలో పెట్టుబడిని అనేక రెట్లు తిరిగి చెల్లించింది.

రెండవది కర్నూలు-కడప కాలువ. తుంగభద్ర జలాలను సుంకేశుల వద్ద మళ్లించే ఈ పథకాన్ని లండన్‌లో వాటాలు విక్రయించిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేపట్టింది. పది లక్షల పౌన్ల మూలధనంపై ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ ఇచ్చింది. లాభనష్టాలతో నిమిత్తం లేకుండా భారత ప్రజల పన్నుల నుండి వడ్డీ చెల్లింపు జరుగుతున్నందున, పొదుపు పాటించవలసిన అవసరం కంపెనీకి లేకపోయింది. పని ముగియకముందే మూలధనం హరించుకుపోయింది. నల్లరేగడి నేలల్లో మెట్ట పంటలు పండించే రైతులు మామూలు సంవత్సరాలలో కాలువ నీటిని కోరలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను స్వాధీనం చేసుకొంది.

1876-78 మహా క్షామం నేపథ్యంలో భారతదేశంలోని ప్రజా పనులపై విచారణకు బ్రిటిష్ కామన్స్ సభ 1878లో సెలెక్ట్ కమిటీని నియమించింది. లార్డ్ జార్జ్ హామిల్టన్ దానికి అధ్యక్షత వహించారు. 75 ఏళ్ల కాటన్ ఆ కమిటీ ఎదుట హాజరై, రైలుమార్గాల కంటే నౌకాయానానికి అనువైన కాలువలే దేశానికి మేలని వాదించారు. కర్నూలు కాలువ వైఫల్యాన్నే ఆయన వాదానికి ప్రతిగా విమర్శకులు చూపారు. కమిటీ ఆయన ప్రతిపాదనలను సమర్థించలేదు. ఆదాయం నిచ్చే పనులకు తెచ్చే అప్పు ఏటా 25 లక్షల పౌన్లకు మించరాదని 1879లో సిఫార్సు చేసింది. వడ్డీ భారం మోసే భారతీయుల ప్రతినిధి ఒక్కరు కూడా ఆ సభలో లేకపోవడం ఆ విచారణలోని పెద్ద లోపం.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్, 1899 జూలై 24న ఇంగ్లండ్‌లోని డార్కింగ్‌లో కన్నుమూశారు. పాత ఆనకట్ట స్థానంలో తరువాత నిర్మించిన ధవళేశ్వరం బ్యారేజికి ఆయన పేరే పెట్టారు. కర్నూలు-కడప కాలువ కూడా కాలక్రమంలో రాయలసీమ సాగుకు ఆధారమైంది.

నాటి లోపాన్ని స్వతంత్ర భారత రాజ్యాంగం సరిదిద్దింది. రాష్ట్రం తెచ్చే అప్పులకు, ఇచ్చే పూచీలకు చట్టం ద్వారా పరిమితి విధించే అధికారాన్ని 293వ అధికరణం రాష్ట్ర శాసనసభకే ఇచ్చింది. 151వ అధికరణం మేరకు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలు శాసనసభ ముందుకు వస్తాయి. ప్రజా పద్దుల కమిటీ వాటిని పరిశీలిస్తుంది. బాండ్ల ద్వారా నిధులు సేకరించి నిర్మాణాలు చేపట్టేటప్పుడు ఈ పరిశీలన ఎంత నిశితంగా జరిగితే ప్రజాధనానికి అంత రక్షణ లభిస్తుంది.