మాత్ర తర్వాత మొదలయ్యే పని

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ముప్పై ఏళ్లు నిండుతున్న వేళ తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్లలో ఆ పని చేస్తున్న సైకియాట్రిక్ సోషల్ వర్కర్లకు మనసారా అభినందనలు. డాక్టర్లకు సన్మానాలు జరుగుతూనే ఉంటాయి, జరగాలి కూడా. ఈ పండుగ మాత్రం మీది.

మనసుకొచ్చిన జబ్బుకు ఊరి దగ్గరే వైద్యం అందించాలని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 1975లో బెంగళూరు దగ్గరి సకలవార పల్లెల్లో పని మొదలుపెట్టారు. తర్వాత 1985 నుంచి బళ్లారి జిల్లా అంతటా చేసి చూశారు. 1996లో కేంద్రం ఈ జిల్లా కార్యక్రమానికి తొలి విడతగా నాలుగు జిల్లాలను తీసుకుంటే, వాటిలో మన ఉమ్మడి రాష్ట్రపు మెదక్ ఒకటి. ప్రతి జిల్లా బృందంలోనూ డాక్టరు, సైకాలజిస్టు, నర్సులతో పాటు సోషల్ వర్కరు ఉండాలని నియమం పెట్టారు. ఆ ఒక్క నియమం ఎంత మేలు చేసిందో రోగి ఇంట్లోవాళ్లకే తెలుసు.

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అని మన సామెత. నవ్వుకోవడానికి పుట్టిన మాటే అయినా, దాన్ని నిజమని నమ్మి పిల్లకు ముహూర్తం పెట్టించే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఇంటికి మీరు వెళ్తారు. గాలి సోకిందంటే కసరరు. తాయెత్తు ఉంచుకోండమ్మా, మాత్ర మాత్రం మానకండి అంటారు. రాత్రి నిద్ర పడుతోందా, పొలం వెళ్లడం ఎప్పుడు మానేసింది, మాత్ర చేతికిచ్చేదెవరు అని అడుగుతారు. కాస్త కుదుటపడగానే మందు ఆపేస్తారని మీకు తెలుసు, అందుకే మళ్లీ వెళ్తారు. వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం కూడా వెళ్తారు. పెళ్లి కుదిరితే అవతలివాళ్లకు జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్న చిక్కుముడి దగ్గర ఆ కుటుంబంతో గంటలు గంటలు కూర్చుంటారు. ఈ వైద్యంలో అన్నిటికన్నా కష్టమైన భాగం అదేనని నా అభిప్రాయం.

తెనాలికి మనసు కొత్త విషయమేమీ కాదు. ఈ ఊరితో ముడిపడ్డ త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' నవలలో సీతారామారావు అనే మనిషి లోలోపల కూలిపోవడాన్ని కళ్లకు కట్టారు. ఆ సీతారామారావు గుమ్మం తొక్కి, ఏమైందయ్యా అని కూర్చునే మనిషే మీరు.

పురుగుమందు తాగినవాణ్ణి ఆసుపత్రికి తెచ్చి, కేసవుతుందని అసలు సంగతి దాచే కుటుంబాలున్నాయి. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. ఆ మాట వాళ్ల చెవిన వేసేది మీరు. అర్ధరాత్రయినా ఉచితంగా పలికే 14416 మానసిక సహాయ నంబరును ఫోన్‌లో వేసిచ్చేదీ మీరే. 1977 నవంబరు 19 ఉప్పెనలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకు ఈ తీరంలో ఇలాంటి అండ దొరికి ఉంటే ఎంత బాగుండేదో!

2022లో జిల్లాలు మారాయి. తెనాలి గుంటూరులో మిగిలింది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. కాగితాలు ఎటు వెళ్లినా రేపల్లె రైలు తెనాలికి వస్తూనే ఉంది, అందులో మీ రోగులూ వస్తున్నారు.

ఇన్నేళ్లయినా ఈ పనిలో చాలామందివి కాంట్రాక్టు కొలువులే. శాలువాతో పాటు పర్మనెంటు ఉత్తర్వు కూడా మీ చేతికి అందాలని, ఇంటింటికీ తిరగడానికి ప్రతి బృందానికీ ఒక బండి ఇవ్వాలని, ఈ పండుగ సాక్షిగా ప్రభుత్వాన్ని అడుగుతున్నాం.