మూడో తరగతి పెట్టెలో గాంధీగారు

సెలవులకు ఇంటికి వెళ్తూ జనరల్ పెట్టెలో, తలుపు పక్కన, రాత్రంతా నిలబడి గడిపినవాణ్ణి నేను. అందుకేనేమో, గాంధీగారి జీవితం చదివినప్పుడల్లా నా మనసు రైలుపెట్టె దగ్గరే ఆగిపోతుంది.

1893లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో, మొదటి తరగతి టిక్కెట్టు చేతిలో ఉన్నా, తెల్లవాడు కాదని ఆయన్ను రైల్లోంచి దింపేశారు. ఇది అందరికీ తెలిసిన కథే. నన్ను ఆలోచనలో పడేసేది ఆ తర్వాతిది. మొదటి తరగతిలో కూర్చునే హక్కు కోసం పట్టుబట్టిన మనిషి, స్వదేశానికొచ్చి తనంతట తానే మూడో తరగతి ఎక్కారు!

1901 కలకత్తా కాంగ్రెసు ముగిశాక కొన్నాళ్లు గోఖలేగారి దగ్గరుండి, 1902లో రాజకోటకు బయల్దేరారు. పన్నెండణాల కాన్వాసు సంచీ, ఉన్నికోటు, కంబళి, నీళ్లచెంబు - ఇదీ సామాను. గోఖలేగారు టిఫిన్ డబ్బా నిండా పూరీలు, మిఠాయిలు పెట్టించి, స్టేషనుకొచ్చి మరీ సాగనంపారు. కాశీ, ఆగ్రా, జైపూరు, పాలన్‌పూరుల్లో ఒక్కోరోజు ఆగినా ఖర్చు మొత్తం 31 రూపాయలు దాటలేదు.

1917 సెప్టెంబరులో బొంబాయి నుంచి మద్రాసుకు 13 రూపాయల 9 అణాల టిక్కెట్టు. 22 మంది పట్టే పెట్టె, రెండు రాత్రుల ప్రయాణం. రాయచూరు దాటాక, అంటే మన సీమలోకి వచ్చాక, రద్దీ భరించరానిదైంది. దారిపొడుగునా పెట్టె ఊడ్చినవాడు లేడు. ఆ నెలలోనే రాంచీ నుంచి పత్రికలకు లేఖ రాశారు. మొదటి తరగతి చార్జీ అయిదు రెట్లకు పైనే కదా, మరి అందులో అయిదోవంతు సౌకర్యమైనా మూడో తరగతికి దక్కుతోందా అని లెక్కకట్టి అడిగారు. వైస్రాయి మొదలు పెద్దలంతా ముందుగా చెప్పకుండా ఒక్కసారి ఇందులో ప్రయాణించి చూడాలన్నారు. అలాగని తోటి ప్రయాణికులను వెనకేసుకురాలేదు. ఎక్కడపడితే అక్కడ ఉమ్మడాన్నీ తప్పుపట్టారు.

1918-19లో జబ్బుపడి మూడో తరగతి ప్రయాణం దాదాపు మానుకోవలసి వస్తే, అందుకు సిగ్గుపడ్డారు కూడా. 1948 ఫిబ్రవరిలో ఆయన అస్థికలు ఢిల్లీ నుంచి అలహాబాదుకు వెళ్లింది మూడో తరగతి పెట్టెల్లోనే.

1974లో మూడో తరగతి అన్న పేరు తీసేశారు. రద్దీ మాత్రం అలాగే ఉంది. రేపు ఉద్యోగమొస్తే నేనూ ఏసీ బోగీ ఎక్కుతానేమో! ఎక్కినా, తలుపు పక్కన నిలబడ్డవాణ్ణి మరిచిపోకపోతే చాలు. చదువుకున్నవాళ్లం మనమే మరిచిపోతే అతని తరఫున ఉత్తరం రాసేవాళ్లెవరు?