వెలుగుబాట - జిమ్ థోర్ప్

హాస్టల్ పిల్లలంటే చిన్నచూపు చూసేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఆ చూపుకు మైదానంలో జవాబు చెప్పిన ఒక హాస్టల్ విద్యార్థి జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లకు పరిచయం చేస్తున్నాము.

జిమ్ థోర్ప్ 1887 ప్రాంతంలో అమెరికాలో, నేటి ఓక్లహామా రాష్ట్రంలో, శాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసీ తెగలో జన్మించారు. ఆయన ఇంటిభాషలోని పేరు వా-థో-హుక్. దానికి వెలుగుబాట అని అర్థం చెబుతారు. కవల సోదరుడు చిన్ననాడే జబ్బుచేసి పోయాడు. చదువుకునే వయసులోనే తల్లినీ, తండ్రినీ కూడా పోగొట్టుకున్నారు.

1904లో ఆయన పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్‌లో చేరారు. అది ఆదివాసీ పిల్లల కోసం 1879లో ప్రారంభమైన ప్రభుత్వ వసతి పాఠశాల. అక్కడ చదువు, చేతిపని నేర్పారు. కానీ పిల్లల జుట్టు కత్తిరించారు, తల్లిభాష మాట్లాడితే శిక్షించారు. ఎందరో పిల్లలు అక్కడే జబ్బులతో చనిపోయారు. మన హాస్టల్‌లో వసతులు తక్కువే కావచ్చు, కానీ మన భాషనూ, మన పేరునూ ఎవరూ లాక్కోలేదు.

ఆ పాఠశాల ఫుట్‌బాల్ జట్టు పెద్ద పెద్ద కాలేజీలతో తలపడేది. మనం ఆడే ఫుట్‌బాల్ కాదిది. బంతిని చేతపట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. కోచ్ పేరు పాప్ వార్నర్. 1911 నవంబరు 11న హార్వర్డ్‌తో జరిగిన ఆటలో థోర్ప్ కాలికి కట్టుతోనే దిగి, నాలుగుసార్లు బంతిని గోలు కమ్మీ మీదుగా తన్నారు. ఒక్కో దానికి 3 చొప్పున 12 పాయింట్లు! కార్లైల్ 18-15తో గెలిచింది. ఆ సీజన్‌లో 12 ఆటలకు 11 గెలిచి, సిరక్యూజ్ చేతిలో మాత్రం ఒక్క పాయింటు తేడాతో ఓడింది.

1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ ఆయనదే బంగారు పతకం. అదే ఏడాది నవంబరులో కార్లైల్ జట్టు ఆర్మీ జట్టును 27-6తో ఓడించింది. తమ తాతలతో యుద్ధం చేసిన సైన్యానికి అధికారులు కాబోయే యువకులను ఆదివాసీ పిల్లలు ఓడించారు. ఆ ఓడిన జట్టులోని ఐసెన్‌హోవర్ తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యారు.

1913లో కష్టం వచ్చిపడింది. 1909, 1910 వేసవుల్లో కొద్ది డబ్బుకు బేస్‌బాల్ ఆడారని ఆయన పతకాలు వెనక్కి తీసుకున్నారు. అప్పట్లో చాలామంది కాలేజీ ఆటగాళ్లు మారుపేర్లతో అలాగే ఆడేవారు. థోర్ప్ మాత్రం సొంత పేరుతోనే ఆడారు. అభ్యంతరాలను 30 రోజుల్లోగా చెప్పాలన్న నిబంధననూ ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఆయన వృత్తి క్రీడాకారునిగా పేరు పొందారు. చివరి సంవత్సరాల్లో కూలిపనులు కూడా చేసి, 1953లో పేదరికంలోనే కన్నుమూశారు. 1983లో పతకాల నకళ్లను ఆయన పిల్లలకు అందజేశారు. 2022 జూలైలో గాని ఆ రెండు పోటీల్లో ఆయన ఒక్కరే విజేత అని ఒలింపిక్ కమిటీ ఒప్పుకోలేదు.

తమ్ముళ్లూ! న్యాయం రావడానికి 109 ఏళ్లు పట్టింది. పతకాలు తీసుకోగలిగారు గాని, ఆయన ఆడిన ఆటను ఎవరూ తుడిచివేయలేకపోయారు. ఈసారి పోటీలకు వెళ్లినప్పుడు మీ ఊరి పేరూ, మన హాస్టల్ పేరూ గట్టిగా చెప్పి మరీ మైదానంలో దిగండి.