విడుదల పొంది వెనుకకు వెళ్లిన స్త్రీ

నిర్గమకాండము మూడవ అధ్యాయము చదువునప్పుడు మనము సాధారణముగా మండుచున్న పొదయొద్దనే నిలిచిపోవుదుము. ఆ పొదను చూచిన మనుష్యుని స్థితిని తలంచుట తక్కువ. మోషే ఫరో చేతిలోనుండి తప్పించుకొనినవాడు. మిద్యానులో అతనికి భార్యయు, పిల్లలును, మేపుటకు మామగారి మందయు ఉండెను. నలువది సంవత్సరములుగా అతని జోలికి వచ్చినవాడు లేడు. అట్టివానిని దేవుడు మరల ఐగుప్తునకే పొమ్మనెను. తప్పించుకొన్న చోటికి తిరిగి పోవుట యెంత కష్టమో ఎరుగగోరువారు హేరియట్ టబ్‌మన్ జీవితమును తెలిసికొనవలెను. ఆమె కాలపువారు ఆమెను మోషే అనియే పిలిచిరి.

అమెరికా దేశమందలి మేరీలాండ్ రాష్ట్రములో సుమారు 1822లో ఆమె బానిస తల్లిదండ్రులకు పుట్టెను. అక్కడి చట్టము ప్రకారము తల్లి బానిసయైతే బిడ్డయు బానిసయే. సంతలో ఆవునొకరికి దూడనొకరికి అమ్మినట్లు తల్లిని, బిడ్డను వేరుచేసి అమ్మవచ్చును. ఆమె అక్కచెల్లెండ్రలో ముగ్గురిని ఆలాగే దక్షిణ ప్రాంతమునకు అమ్మివేసిరి. ఆమె చిన్నతనమున ఒక అంగడిలో, పారిపోవుచున్న మరియొక బానిసమీదికి మేస్త్రీ విసిరిన రెండు పౌండ్ల తూకపురాయి వచ్చి ఆమె తలకు తగిలెను. అది మొదలు, మాటలాడుచుండగానే హఠాత్తుగా నిద్రలోనికి జారిపోవు జబ్బు ఆమెను జీవితాంతము విడువలేదు. ఆమెకు చదువు రాదు. బైబిలు కథలు తల్లి నోట వినినవే.

1849లో యజమానుడు చనిపోగా, తమ్మును అమ్మివేయుదురను భయముతో ఆమె ఇద్దరు తమ్ములతో బయలుదేరెను. తమ్ములు దారిలో బెదరి, ఆమెనుకూడ వెనుకకు తీసికొనిపోయిరి. పిమ్మట ఆమె ఒంటరిగా వెడలి, ధ్రువనక్షత్రమును గురుతు పెట్టుకొని, రాత్రులు నడచి, సుమారు 90 మైళ్ల దూరము దాటి, బానిసత్వము లేని పెన్సిల్వేనియా రాష్ట్రము చేరెను.

సరిహద్దు దాటిన వేళ తాను మునుపటి మనిషినేనా అని ఆమె తన చేతులను చూచుకొనెనట. అయితే అక్కడ ఆమెను ఎదుర్కొని రమ్మనువారు లేరు. తనవారందరు ఇంకను మేరీలాండ్ గుడిసెలలోనే యుండిరి. ఆ స్థితిలో మనమైతే ఏమి చేసియుందుము? దేవునికి స్తోత్రము చెల్లించి, ఒక పని చూచుకొని, కడుపునిండ తిని పండుకొనియుందుము. అందులో తప్పేమియు లేదు. ఆమెయు పని చూచుకొనెను. హోటళ్లలోను ఇండ్లలోను వంటపని చేసి డబ్బు కూడబెట్టెను. కాని ఆ డబ్బు తిరుగు ప్రయాణమునకు.

1850లో, పారిపోయిన బానిస ఏ రాష్ట్రములో దొరికినను యజమానునికి అప్పగింపవలెనను కఠినమైన చట్టము వచ్చెను. కనుక ఆమె తనవారిని కెనడా దేశము వరకు నడిపింపవలసివచ్చెను. పది సంవత్సరములలో సుమారు 13 మారులు వెళ్లి సుమారు 70 మందిని తెచ్చెను. కొన్ని పాత పుస్తకములు 300 మంది అని చెప్పును గాని, ఆ పెద్ద లెక్క ఆమెకు అవసరము లేదని మా తలంపు. రాత్రులు దీర్ఘముగా నుండు చలికాలమునే ఆమె ఎంచుకొనెడిది. శనివారము రాత్రి బయలుదేరిన యెడల సోమవారము వరకు పత్రికలో ప్రకటన పడదు. పసిపిల్లలు ఏడ్వకుండ నిద్రమందు పట్టించెడిది. వెనుకకు పోవుదుననువానికి తన పిస్తోలు చూపెడిది. ఒకడు పట్టుబడిన అందరును పట్టుబడుదురు గదా. 1851లో భర్తకొరకు వెళ్లగా, అతడు మరియొక స్త్రీని చేసికొని, రానని చెప్పెను. ఆమె ఏడ్చుచు కూర్చుండక, రాగలవారిని తీసికొనిపోయెను.

1854 క్రిస్మసు సంగతి మాత్రము వివరముగా చెప్పవలెను. పండుగ మరునాడు ఆమె ముగ్గురు సహోదరులను అమ్మనైయుండిరి. తల్లి రిట్ పంది మాంసము వండి కుమారులు భోజనమునకు వత్తురని కాచుకొనియుండెను. వారు ఇంటి ప్రక్కనే మేత దాచు పాకలో హేరియట్‌తో దాగియుండిరి. తల్లికి తెలిసిన యెడల ఆమె కేకలు వేసి ఏడ్చునని చెప్పలేదు. తండ్రి బెన్ మాత్రము భోజనము తెచ్చి లోపలికి అందించెను. పిల్లలను చూచితివా అని దొరలు అడిగినప్పుడు చూడలేదని నిజమే చెప్పవలెనని ఆయన కండ్లకు గుడ్డ కట్టుకొనెను. ఆ గంతలతోనే కొంతదూరము వారిని సాగనంపెను. వెళ్లకముందు బిడ్డలు గుడిసె సందులలోనుండి, పొయ్యియొద్ద చేతిలో తల పెట్టుకొని కూర్చున్న తల్లిని చూచి, మాటలాడకయే పోయిరి. 1857లో హేరియట్ మరల వచ్చి ఆ వృద్ధులిద్దరినిగూడ తీసికొనిపోయెను.

అందరును దొరకలేదు. 1860లో చెల్లెలు రేచెల్ కొరకు వచ్చుసరికి ఆమె చనిపోయియుండెను. రేచెల్ ఇద్దరు పిల్లలను తెచ్చుటకు లంచముగా 30 డాలర్లు కావలసియుండగా ఆమెయొద్ద లేకపోయెను. ఆ పిల్లలను విడిచి, మరియొక కుటుంబమును వెంటబెట్టుకొని ఆమె ఉత్తరమునకు నడచెను. ఆ దారిలో ఆమె మనస్సు ఎట్లుండెనో తల్లులైనవారు ఎరుగుదురు.

పిమ్మట వచ్చిన అంతర్యుద్ధములో ఆమె నర్సుగాను వేగులవారితోను పనిచేసెను. 1863 జూన్‌లో దక్షిణ కరోలినాలోని కాంబాహీ నదిమీద సైనికులకు దారి చూపగా, ఒక్క దాడిలోనే 700 మందికి పైగా విడుదల పొందిరి. ఈ సేవకు తగిన జీతము ఆమెకు అందలేదు. నెలకు 20 డాలర్ల పింఛను 1899లో గాని రాలేదు.

న్యూయార్కు రాష్ట్రమందలి ఆబర్న్ పట్టణములో ఆమె ఇంట బీదలు, ముసలివారు ఎప్పుడును ఉండిరి. వృద్ధులకు ఒక ఆశ్రమము కొరకు 1903లో తన భూమిని తాను చేరియున్న సంఘమునకు ఇచ్చెను. 1908లో అది తెరవబడినప్పుడు, చేరువారు 100 డాలర్లు చెల్లింపవలెనని సంఘమువారు నియమించిరి. అది ఆమెకు నచ్చలేదు. చేతిలో ఏమియు లేనివారికే చోటియ్యవలెనని ఆమె కోరిక. 1911లో తానును అక్కడనే చేరి, 1913 మార్చి 10న కన్నుమూసెను.