యోగి వేమన: ప్రాస దగ్గర ఆగిపోని కవి.. కదిరి నేల ఆటవెలది ఊరూరి నోట ఎలా నిలిచింది?

అనంతపురం: పాటలు రాసే వాళ్లను ఎవరినైనా అడిగి చూడండి. ట్యూన్ దొరికాక కూడా ప్రాస దగ్గర పెన్ను ఆగిపోతుందంటారు. మొదటి లైన్‌లో ఒక మాట పడితే దానికి జోడీ కోసం గంటలు గంటలు తడుముకోవాల్సిందే. దాదాపు మూడున్నర శతాబ్దాల కిందట ఇదే కరువు సీమలో తిరిగిన ఒక కవికి మాత్రం ఈ తిప్పలు తక్కువ. ఆయనే వేమన. పద్యాలు ఇక్కడ రాయక్కర్లేదు, ఓ నాలుగు మీకే నోటికి వచ్చు. అవి అసలు నోటికి ఎలా వచ్చాయన్నదే ఈ కథ.

వేమన జీవితం గురించి పక్కా రికార్డులు దాదాపు లేవు. 17వ శతాబ్దం వాడని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. రెడ్డి కులంలో పుట్టాడని, కొండవీటి రెడ్డి రాజుల తమ్ముడని ఒక కథ ఉంది కానీ, ఆ రాజ్యం 15వ శతాబ్దంలోనే ముగిసింది. కాబట్టి లెక్క కుదరదు. కుర్రతనంలో వేశ్య మోజులో పడ్డాడని, వదిన మాటతో కళ్లు తెరిచాడని ఊళ్లలో చెప్పుకుంటారు. చివరికి అన్నీ వదిలేసి ఊరూరూ తిరిగాడట. కదిరి దగ్గర గండ్లపెంట మండలం కటారుపల్లెలో ఆయన సమాధి ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడే నేల ఇది. చదువు, తాటాకు, గంటం అందరికీ అందని కాలం అది. అలాంటి చోట పద్యం బతకాలంటే విన్నవాడికి ఒక్కసారికే పట్టుబడాలి. వేమన ఎక్కువగా ఎంచుకున్న ఆటవెలది సరిగ్గా అందుకు పనికొచ్చింది.

కొంచెం వివరంగా చూద్దాం. సినిమా పాటలో మనం ప్రాస అనేది లైన్ చివర మాటకి. దాన్ని అంత్యప్రాస అంటారు. పాత తెలుగు పద్యంలో ప్రాస అంటే వేరు. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. ఒక పాదం వాన అని మొదలైతే మిగతావి చేను, కోన, మేను లాంటి మాటలతో మొదలవ్వాలి. పని, విను కుదరవు. ఎందుకంటే వాన మొదటి అక్షరం గురువు, పని మొదటి అక్షరం లఘువు. కంద పద్యంలో ఈ ప్రాస తప్పనిసరి, నాలుగు పాదాలకీ దొరకాలి. ఉత్పలమాల లాంటి వృత్తాల్లో అయితే పాదానికి 20 అక్షరాలు, ఏది గురువో ఏది లఘువో ముందే ఫిక్స్, ఆపైన యతి, ప్రాస రెండూ.

ఆటవెలదిలో ఈ ప్రాస బెడద లేదు. యతి ఒక్కటి చాలు. అంటే పాదం మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి స్నేహం కుదరాలి. కరువు అని మొదలుపెడితే నాలుగో గణం దగ్గర గడ్డి రావచ్చు. కూలి అంటే గుడిసె రావచ్చు. కరువుకి కూలి మాత్రం పనికిరాదు, హల్లు ఒకటే అయినా అచ్చు కలవదు. అదీ కుదరకపోతే ప్రాసయతి ఉంది. మొదటి గణం వాన, నాలుగో గణం చేను అయినా సరిపోతుంది, రెండో అక్షరం కలిసింది కదా. కూలీలు, కుమ్మర్లు, రైతులు రోజూ వాడే మాటలే ఈ కొలతలో ఇట్టే ఇమిడిపోతాయి. నిఘంటువు తిరగేసే పనే లేదు.

పైగా నాలుగో పాదం రెడీమేడ్. అందరికీ తెలిసిన ఆ మకుటంలో అయిదూ సూర్యగణాలే, యతి కూడా వి అక్షరానికి వి అక్షరమే. అంటే కొత్తగా కట్టాల్సింది మూడే పాదాలు. ఆ మకుటంలోని మాటల వెనకా ఓ కథ చెబుతారు. అభిరాముడనే కంసాలి మిత్రుడికి గురువు నుంచి దక్కాల్సిన ఉపదేశాన్ని వేమన మోసంతో తాను పొందాడని, ఆ పశ్చాత్తాపంతోనే అతని పేరు ప్రతి పద్యంలో పెట్టాడని. నిజమో కాదో కానీ, కథ మాత్రం బాగుంది.

ఈ సులువే తర్వాత పెద్ద చిక్కు తెచ్చింది. మూడు పాదాలు కట్టి మకుటం తగిలిస్తే ఎవరిదైనా వేమన పద్యమైపోతుంది!

పండితులు ఆయన్ని చాలా కాలం కవుల లెక్కలోనే వేయలేదు. పట్టించుకున్నది ఒక ఇంగ్లిష్ ఉద్యోగి. 1798లో కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సు మీద పుస్తకం వేశాడు. ఆ తర్వాత రెండేళ్లకు, 1829లో, 693 వేమన పద్యాలు ఇంగ్లిష్ అనువాదంతో అచ్చేశాడు. యతి ప్రాసల లెక్క తెలిసిన మనిషే ఈ పల్లె పద్యాల వెంట పడ్డాడన్నమాట. 1839 నాటి రెండో ప్రచురణలో పద్యాలు 1164 అయ్యాయి. తర్వాతి సంపుటాల్లో వేలకు చేరాయి.

ఇన్నీ ఒక్కడే చెప్పాడా? కులాన్ని, విగ్రహ పూజను కడిగేసిన మనిషి పేరుతోనే కొన్ని కులాలను, ఆడవాళ్లను కించపరిచే పద్యాలూ ఉన్నాయి. కొన్ని ఆయనవే కావచ్చు, కొన్ని మకుటం అరువు తెచ్చుకున్నవి కావచ్చు. ఛందస్సు చూసి తేల్చడం కష్టం, ఎందుకంటే నకిలీకీ అదే కొలత. ఇప్పుడు వాట్సాప్‌లో వేమన పేరుతో తిరిగే వాటిదీ ఇదే కథ. మకుటం ఉంది కదా అని ఫార్వర్డ్ కొట్టేస్తాం.

వేమనను మళ్లీ నిలబెట్టిన వాళ్లలో ఇదే జిల్లా వాళ్లు ఇద్దరున్నారు. రాళ్లపల్లి గ్రామంలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తరఫున వేమన మీద ఉపన్యాసాలిచ్చారు. తర్వాత అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టింది కూడా ఆయనే. తాడిపత్రికి చెందిన కేవీ రెడ్డి 1947లో చిత్తూరు నాగయ్యతో యోగి వేమన సినిమా తీశారు.

ఏపీ ప్రభుత్వం ఇప్పుడు జనవరి 19న వేమన జయంతిని అధికారికంగా జరుపుతోంది. ఆ రోజు కటారుపల్లె సమాధి దగ్గర దండలు పడతాయి, బడుల్లో పద్యాల పోటీలు పెడతారు. పిల్లలు మూడు పాదాల్లో ఎక్కడైనా తడబడొచ్చు గానీ, నాలుగో పాదం దగ్గర మాత్రం అందరి గొంతూ ఒక్కసారే లేస్తుంది.