శ్రీకాకుళములో నిద్రించిన క్రాన్ దొరగారు

ధ్యాన భాగము: మత్తయి 2:1–18



క్రిస్మసు వచ్చినది. ఇండ్లకు సున్నములు వేసి, వాకిట నక్షత్రములు కట్టుచున్నారు. అయితే ఈ యేడు మేము దర్శించిన కొన్ని ఇండ్లలో నక్షత్రము కట్టలేదు. నిరుడు ఆ పని చేసిన చెయ్యి ఇప్పుడు లేదు. పండుగనాడు కన్నీరు పెట్టుట అవిశ్వాసమా అని ఒక తల్లి మమ్మును అడిగినది. ఆ ప్రశ్నను మనస్సున నుంచుకొని, మన గరివిడికి దూరము కాని శ్రీకాకుళములో కన్నుమూసిన ఒక దైవజనుని జ్ఞాపకము చేసికొందము.

లండన్ మిషనరీ సొసైటీవారు తెలుగువారి యొద్దకు పంపిన మొదటి యిద్దరిలో జార్జి క్రాన్ గారు ఒకరు. రెండవవారు ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ గారు. వారు 1804లో ఓడనెక్కి, ఆ సంవత్సరాంతమున తరంగంబాడిలో దిగి, 1805లో విశాఖపట్టణము చేరిరి. నేడు మన చేతిలోనున్న తెలుగు బైబిలు అప్పుడు లేదు. ఇద్దరును మన భాష నేర్చికొని, పిల్లలకు బడి పెట్టి, సువార్తలను తెలుగు చేయుటకు పూనుకొనిరి. బ్రాహ్మణ కులమునుండి ప్రభువునొద్దకు వచ్చిన ఆనందరాయరు గారు ఆ పనిలో తోడైరి.

1809 జనవరి 6న క్రాన్ గారు శ్రీకాకుళములో ప్రభువునందు నిద్రించిరి. క్రిస్మసు వెళ్లి రెండు వారములైనను కాలేదు. తూర్పు జ్ఞానులను అనేక సంఘములు తలంచుకొను దినమది. ఆయన విశాఖపట్టణము చేరి నాలుగేండ్లైనను నిండలేదు. తెలుగు సువార్తను అచ్చులో చూడలేదు.

మిగిలిన స్నేహితుడు పని విడువలేదు. డెస్ గ్రాంజెస్ గారును 1810 జూలైలో మరణించిరి గాని, అప్పటికి మొదటి మూడు సువార్తలు తెలుగున సిద్ధమైనవి. 1812లో అవి శ్రీరామపురములో అచ్చుపడినవి. వాటిలో మత్తయి సువార్త యొకటి. అందు రెండవ అధ్యాయము చూడుడి. జ్ఞానుల ఆనందము, వారి కానుకలు అక్కడనే యున్నవి. బిడ్డలను పోగొట్టుకొన్న బేత్లెహేము తల్లుల ఏడ్పును అక్కడనే యున్నది. క్రీస్తు జన్మచరిత్రలో దేవుడు ఆ ఏడ్పును దాచలేదు. కాబట్టి అమ్మా, నీ కన్నీరు అవిశ్వాసము కాదు. దానికి పండుగలో చోటున్నది.

మరియొక సంగతి. క్రాన్ గారు కన్నుమూసిన నాటికి ఈ ఉత్తర ప్రాంతమున ఒక బ్రాహ్మణ బాలునికి అయిదేండ్లు. ఆయనే పురుషోత్తమ చౌదరిగారు. 1833లో కటకమున బాప్తిస్మము పొంది, నేటికిని మన సంఘములు పాడు కీర్తనలెన్నో వ్రాసిరి. విత్తినవాడు ఆ పంటను చూడలేదు. దేవుడు చూచెను.

ప్రియులారా, మృతులకొరకు మనము ప్రార్థింపము. వారినిబట్టి దేవుని స్తుతింతుము. ఈ పండుగ రాత్రి కుటుంబ ప్రార్థనలో వెళ్లిపోయినవారి పేరు పలుకుడి. వారు చేసిన మేలు పిల్లలకు చెప్పుడి. వారు సగములో విడిచిన మంచి పని యేదైన నున్నయెడల చేపట్టుడి. సంఘ యౌవనులారా, నక్షత్రము కట్టని యింటికి మీరు వెళ్లుడి. ముందు వారియొద్ద కొంతసేపు కూర్చుండుడి. వారు సరేయన్న తరువాత నిచ్చెన వేయుడి.

దుఃఖపడు ప్రతి యింటిలోను ఇమ్మానుయేలు నివసించును గాక. ఆమేన్.