బర్నబావంటి గురువులు: జార్జ్ వాషింగ్టన్ కార్వర్ జీవితము

చదువవలసిన వాక్యభాగము: అపొ. కార్యములు 9:26–28, 11:22–26

వేరుశెనగ చేనును ఎరుగని రైతు మనలో అరుదు. ఆ పంటవలన నిస్సారమైన భూమికి బలము వచ్చునని అమెరికా దేశపు బీదరైతులకు బోధించిన శాస్త్రజ్ఞుడు జార్జ్ వాషింగ్టన్ కార్వర్. ఆయన దాసుడుగా పుట్టి, పండితుడుగా మరణించెను. నడుమ ఆయనకు చేయూతనిచ్చినవారినిగూర్చి ఈ మాసము ధ్యానింతము.

సుమారు 1864లో మిస్సోరి రాష్ట్రమున మోజెస్ కార్వర్ అను రైతు పొలములో జార్జ్ జన్మించెను. పసికందుగా నున్నప్పుడే దోపిడిగాండ్రు తల్లిని, బిడ్డను ఎత్తుకొనిపోయిరి. బిడ్డ దొరికెను గాని తల్లి జాడ మరల తెలియలేదు. దాసత్వము రద్దయిన పిమ్మట ఆ రైతు దంపతులే అతనిని పెంచిరి. నల్లజాతి పిల్లల బడి నియోషో పట్టణములో నుండెను. అచ్చట మరయా వాట్కిన్స్ అను నల్లజాతి స్త్రీ తన యింట అతనికి చోటిచ్చెను.

1885లో కాన్సస్ రాష్ట్రమందలి ఒక కళాశాల ఉత్తరము ద్వారా ప్రవేశమిచ్చి, మనిషి రాగానే మేని రంగు చూచి త్రిప్పి పంపెను. 1890లో అయోవా రాష్ట్రమందలి సింప్సన్ కళాశాల అతనిని చేర్చుకొనెను. బట్టలుతికి పొట్టపోసికొనుచు చిత్రలేఖనము నేర్చెను. మొక్కలయందు అతనికిగల నేర్పును చూచి ఉపాధ్యాయురాలు ఎట్టా బడ్, తన తండ్రి పనిచేయుచున్న అయోవా వ్యవసాయ కళాశాలకు పొమ్మని ప్రోత్సహించెను.

1891లో చేరిన అతడే అచ్చటి మొదటి నల్లజాతి విద్యార్థి. అతనిని భోజనశాలలో కూర్చుండనియ్యక, క్రింది గదిలో పనివారితో తినుమనిరి. ఈ సంగతి విని, మునుపటి ఊరిలో పరిచయమైన ఒక తెల్లజాతి స్త్రీ ప్రయాణమై వచ్చి, ఆ క్రింది గదిలోనే అతని ప్రక్కన కూర్చుండి భోజనము చేసెను. అటుతరువాత అతని కష్టము కొంత తగ్గెను.

1894లో పట్టము పొంది, అదే కళాశాలలో మొదటి నల్లజాతి బోధకుడయ్యెను. వృక్షశాస్త్ర ఆచార్యుడు లూయీ పామెల్ అతనికి పని ఇచ్చి ఊరకుండలేదు. మొక్కల గృహమును అతని వశము చేసెను. మొక్కలకు వచ్చు బూజు తెగుళ్లను పరిశోధించు విధము నేర్పెను. 1895లో పరిశోధన వ్యాసములమీద తన పేరుతోపాటు శిష్యుని పేరును కూడ అచ్చువేయించెను. శిష్యుని కష్టమును తనదని చెప్పుకొనలేదు.

1896లో కార్వర్ ఉన్నత పట్టము పొందెను. ఆ యేడే అలబామాలోని టస్కీగీ విద్యాలయమునకు బుకర్ టి. వాషింగ్టన్ అతనిని పిలిచెను. అయోవా ఆచార్యులకు అతనిని విడుచుట కష్టమయ్యెను. అయినను తన జనులకు సేవచేయగోరిన వానిని వారు అడ్డగింపలేదు.

టస్కీగీలో పరికరములు లేవు. పారవేసిన సీసాలు, గిన్నెలు ఏరితెచ్చి ప్రయోగశాల కట్టుకొనెను. ఏటేట ప్రత్తి వేయుటచేత అచ్చటి భూములు చచ్చియుండెను. వేరుశెనగ, అలసంద పైరుల వేళ్లు గాలిలోని నత్రజనిని నేలలో నిలుపునని చూపెను. 1906 మొదలుకొని పరికరములతో నిండిన బండి పల్లెలకు పోయి రైతులకు నేర్పెను. ఆదివారపు సాయంకాలములందు విద్యార్థులకు బైబిలు తరగతి నడిపెను. 1935లో ఆస్టిన్ కర్టిస్ అను నల్లజాతి యువ రసాయన శాస్త్రజ్ఞుడు సహాయకుడుగా రాగా, కుమారునివలె చేరదీసి తన పని నేర్పెను. కూడబెట్టిన ధనము, సుమారు 60,000 డాలర్లు, పరిశోధన నిమిత్తమిచ్చి, 1943 జనవరి 5న కన్నుమూసెను. తాను పొందిన మేలును తనతోనే ముగియనియ్యలేదు.

ప్రియ చదువరులారా, సౌలును చూచి శిష్యులు భయపడినప్పుడు బర్నబా అతనిని చేరదీసి అపొస్తలులయొద్దకు తోడుకొనిపోయెను. తరువాత తార్సునకు పోయి, వెదకి, అంతియొకయకు తెచ్చి, ఒక సంవత్సరమంతయు కలిసి పనిచేసెను. పామెల్ చేసినదియు ఇట్టిదే.

మన గుడిసెలనుండియు, ఇంట మొదట చదివిన బిడ్డలు కళాశాలలలో బోధకులగుచున్నారు. ఉద్యోగము దొరికెనని మనము స్తోత్రము చెల్లించి మరచిపోవుదుము. అయితే వారి శోధన అప్పుడే ఆరంభమగును. ఎవరిని అడుగవలెనో తెలియదు, ప్రక్కన కూర్చుండువారుండరు. కుర్చీ ఇచ్చుట చాలదు. ప్రక్కన కూర్చుండవలెను, పని నేర్పవలెను, వారి పేరు నిలుపవలెను, వేళ వచ్చినప్పుడు దీవించి పంపవలెను. ముందు మెట్టెక్కినవారు ఈ నెలలో అట్టివానినొకనిని వెదకుదురుగాక.